అంబలి కుండ చెప్పే చరిత్ర



ఈ ప్రత్యేక సంచికలో మన పోరాటాల గురించి, థింసా గురించి, మన భాషల గురించి పెద్దలు రాస్తున్నారు. మేము వంట గురించి రాయాలనుకున్నాం. గిరిజన బాలికల హాస్టల్లో పనిచేసేవాళ్లం కాబట్టి పొద్దున్న ఎసరు పెట్టిన దగ్గర నుంచి రాత్రి పళ్లేలు కడిగేదాకా మా రోజంతా తిండి చుట్టూనే తిరుగుతుంది. టీచర్ ట్రైనింగ్‌లో చరిత్ర పాఠం అంటే రాజులు, యుద్ధాలు, శాసనాలు అని నేర్చుకున్నాం. మన తాతమ్మలు శాసనాలు చెక్కించలేదు. ఏ నెలలో ఏం తినాలి, ఏది ఎలా వండాలి, ఏది ఎప్పటిదాకా ముట్టకూడదు అన్న సంగతులు మాత్రం కూతురికి, కోడలికి తప్పకుండా చెప్పి వెళ్లారు. ఆ మాటలను వరసగా పెట్టి చూస్తే మన చరిత్ర కనిపిస్తుంది.

ఇక్కడ చెప్పేవి పాడేరు, అరకు, చింతపల్లి వైపు ఇళ్లలో వండే వంటలు. అంటే ఇప్పటి అల్లూరి సీతారామరాజు జిల్లా కొండ ప్రాంతం. బగత, కొండదొర, కోందు, పోర్జ, గదబ, వాల్మీకి, కోటియ ఇలా చాలా తెగలవాళ్లం ఇక్కడ కలిసి ఉన్నాం. ఊరు మారితే వంట కొంచెం మారుతుంది. మేము రాసినదానికీ మీ ఇంట్లో చేసేదానికీ తేడా ఉంటే మీ అమ్మమ్మ చెప్పిందే మీకు సరి.

ఒకే పోడు, అన్ని నెలల తిండి

మన వంట పొయ్యి మీద కంటే ముందు పోడులో మొదలవుతుంది. వేసవిలో కొండవాలు నరికి, ఎండబెట్టి, కాల్చి, తొలకరికి విత్తనం చల్లేవారు. ఒక్క పంట వేసేవారు కాదు. సామ, కొర్ర, చోడి, జొన్న, కంది, వలిసె, చిక్కుడు, గుమ్మడి అన్నీ ఒకే వాలు మీద ఉండేవి. బయటి నుంచి చూసినవాళ్లకు అది గందరగోళంగా కనిపించేది. నిజానికి అందులో మంచి లెక్క ఉంది. కొర్ర ముందుగా కోతకు వస్తుంది. తర్వాత సామ, ఆ వెనక చోడి, వలిసె. చివరకు పుష్య మాఘ మాసాల్లో కంది. ఒక పంట వాన ఎక్కువై పోయినా, ఇంకొకటి వాన తక్కువై పోయినా మూడోది చేతికి వస్తుంది. కొన్నేళ్లు పండించాక ఆ వాలును మళ్లీ అడవికి వదిలేసి వేరే చోటికి వెళ్లేవారు.

చోళ్లకు ఇంకో గుణం ఉంది. బాగా ఎండబెట్టి దాచుకుంటే ఏళ్ల తరబడి పురుగు పట్టవు. బ్యాంకు లేని రోజుల్లో చోళ్ల గాదే మన బ్యాంకు. 

ఈ గింజలన్నీ మొదటి నుంచీ మన కొండల్లోనే పుట్టాయా అని పిల్లలు అడుగుతుంటారు. లేదు. సామ మాత్రం భారతదేశంలోనే సాగులోకి వచ్చిన పంట. చోడి వేల ఏళ్ల క్రితం తూర్పు ఆఫ్రికా నుంచి వచ్చింది. కొర్ర చైనా వైపు నుంచి వచ్చింది. మిరపకాయ, మొక్కజొన్న అమెరికా ఖండాల పంటలు. మిరప 16వ శతాబ్దంలో పోర్చుగీసు ఓడల మీద మన దేశానికి చేరింది. అంతకు ముందు కారానికి మిరియాలు, పిప్పళ్లే దిక్కు. పిప్పలి మొక్క చింతపల్లి వైపు తోటల్లో ఇప్పటికీ ఉంది. కాబట్టి సంప్రదాయ వంట అంటే కదలకుండా ఉన్న వంట అనుకోకండి. ఎక్కడి నుంచో వచ్చిన గింజను మన నేలకు, మన వానకు, మన కడుపుకు అలవాటు చేసుకున్న తెలివి మన పెద్దలది.

చోడి అంబలి

మైదానంలో రాగులు అంటారు, మనం చోళ్లు అంటాం. అంబలి తెలియని ఇల్లు మన్యంలో లేదు. అయినా మీలో ఎంతమందికి కాయడం వచ్చో ఆలోచించండి. పద్ధతి ఇది.

నలుగురికి ఒక గ్లాసు చోడిపిండి తీసుకోవాలి. రాత్రి పడుకునే ముందు రెండు గ్లాసుల నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, మూతపెట్టి పొయ్యి దగ్గర వెచ్చగా ఉంచాలి. తెల్లారేసరికి కొంచెం పులుస్తుంది. ఉదయం కుండలో ఆరు గ్లాసుల నీళ్లు మరగబెట్టి, అర గ్లాసు సామ నూక గానీ బియ్యం నూక గానీ వేసి ఉడికించాలి. నూక మెత్తబడ్డాక పులిసిన పిండిని సన్నని ధారగా పోస్తూ తెడ్డుతో ఆపకుండా కలపాలి. ఇక్కడ చెయ్యి ఆగితే అడుగంటుతుంది, ఉండలు కడుతుంది. పచ్చి వాసన పోయి, రంగు ముదిరి, తెడ్డు ఎత్తితే జారుగా పడేదాకా కాయాలి. ఉప్పు చివర్లో వేయాలి. చల్లారాక ఉల్లిపాయ, పచ్చిమిరప, కాల్చిన ఎండుచేప, ఏది ఉంటే అది నంజుకుని తాగడమే.

మైదానంలో అంబలిలో మజ్జిగ కలుపుతారు. మన కొండ ఊళ్లలో చాలాచోట్ల వెనకటి రోజుల్లో ఆవు పాలు పిండేవారు కాదు. పాలు దూడవి, మనవి కావు అనేవారు. అందుకే పులుపు కోసం పాల మీద ఆధారపడకుండా పిండినే పులియబెట్టారు. ఒక్క అంబలి చేసే తీరులోనే పశువు మీద మన పెద్దలకున్న చూపు తెలుస్తుంది. పొలానికి వెళ్లేటప్పుడు ఎండిన ఆనపకాయ బుర్రలో పోసుకుని వెళ్తే మధ్యాహ్నం దాకా చల్లగా ఉండేది. అదే కూడు, అదే నీళ్లు.

చేదు తీసే విద్య

ఆషాఢ శ్రావణాలు మన్యంలో గడ్డు నెలలు. పాత గింజ అయిపోతుంది, కొత్త గింజ ఇంకా చేలోనే ఉంటుంది. గెడ్డలు పొంగి సంతకు దారి ఉండదు. ఆ రెండు నెలలు దాటించిన వంటల్లోనే మన వాళ్ల అసలైన చదువు ఉంది.

మామిడి టెంకల అంబలి తీసుకోండి. వేసవిలో పండ్లు తిన్నాక టెంకలు పారేయరు. కడిగి, ఎండబెట్టి, పొయ్యి పైన అటక మీద పొగ తగిలేలా దాస్తారు. వానాకాలం వచ్చాక రాయితో పగలగొట్టి లోపలి జీడి తీస్తారు. నల్లబడినది, బూజు పట్టినది, పురుగు తిన్నది ఏరి అవతల పారేస్తారు. మంచివాటిని దంచి, ఆ పిండిని గుడ్డలో మూటకట్టి, పారే గెడ్డలో రాయి బరువు పెట్టి ఒకటి రెండు రోజులు వదిలేస్తారు. పారే నీళ్లు వగరును తీసుకుపోతాయి. తర్వాత పిండి పిండుకుని, చోడిపిండితోనో సామ నూకతోనో కలిపి అంబలి కాస్తారు.

చేదు అడవి దుంపలు కూడా అంతే. చెక్కు తీసి, పలచగా తరిగి, ఉడకబెట్టి, పారే నీళ్లలో ఉంచి, చేదు పోయిందని నాలుక చెప్పాకే తింటారు. వెదురు కొమ్ములకు పొరలు ఒలిచి, సన్నగా తరిగి, ఉడికించి, ఆ నీళ్లు పారబోసి కూర వండుతారు. లేత వెదురు కొమ్ములో సయనైడ్‌ను పుట్టించే పదార్థం ఉంటుందని, ఉడికించి నీళ్లు పారబోస్తే అది పోతుందని ఇవాళ సైన్సు చెబుతోంది. మన తాతమ్మలకు సయనైడ్ అన్న మాట తెలియదు. నీళ్లు పారబోయాలన్న సంగతి తెలుసు.

ఈ విద్యలో ఒక్క మెట్టు తప్పితే ఏమవుతుందో కూడా మనం చూశాం. మన కొండలకు అవతల, ఒడిశాలోని రాయగడ జిల్లా కాశీపూర్ ప్రాంతంలో 2001లో మామిడి టెంకల అంబలి తాగి ఆదివాసులు చనిపోయారు. చెడిపోయిన టెంకలే కారణమని ప్రభుత్వం అంది. తినడానికి వేరే గింజ లేకే అలాంటివి తిన్నారని, అది ఆకలి చావేనని ఎంతోమంది వాదించారు. 2024 చివరలో కంధమాల్ జిల్లాలో మళ్లీ మామిడి టెంకల అంబలి తాగి మహిళలు చనిపోయారు. కాశీపూర్ చావుల తర్వాత ఇరవై ఏళ్లకు పైగా గడిచినా ఆ వార్త మళ్లీ వచ్చింది.

ఈ వార్తలు చదివినవాళ్లు "గిరిజనులు తినకూడనివి తింటారు" అని తేలిగ్గా అనేస్తారు. మనం ఆ మాట ఒప్పుకోకూడదు. టెంకను ఎండబెట్టడం, పొగలో దాచడం, చెడ్డది ఏరడం, గెడ్డలో నానబెట్టడం ఇవన్నీ జరిగే ఇంట్లో అది తరతరాల తిండి. ఎండబెట్టడానికి ఎండ లేక, దాచడానికి పొడి చోటు లేక, ఏరి పారేస్తే మిగిలేది ఏమీ లేక వండినప్పుడు అది విషం. ఆకలి, అజాగ్రత్త రెండూ ఒకటి కావు. ఒక మాట మాత్రం గట్టిగా చెబుతున్నాం. పక్కన తెలిసిన పెద్దవాళ్లు లేకుండా ఇలాంటి దుంపలు, టెంకలు, పుట్టగొడుగులు వండే ప్రయోగాలు చేయవద్దు. ఈ విద్య చదివితే రాదు, పక్కన కూర్చుని చూస్తేనే వస్తుంది.

కొత్త తినే పండుగలు

మన పండుగల్లో చాలావాటికి పేరే తిండి. కొర్ర కొత్త, సామ కొత్త, చిక్కుడు కొత్త, మామిడి కొత్త. కొత్త పంట వచ్చాక ముందు దేవతకు, చనిపోయిన పెద్దలకు పెట్టాలి. పూజారి రోజు చెప్పాలి. ఊరంతా ఒకే రోజు తినాలి. అప్పటిదాకా చెట్టు నిండా కాయలున్నా, చేను నిండా గింజ ఉన్నా ఎవరూ నోట పెట్టకూడదు. 

చిన్నప్పుడు ఈ నియమం మనందరికీ కష్టంగానే ఉంటుంది. ఆలోచిస్తే దానిలో రెండు సంగతులు కనిపిస్తాయి. మొదటిది, కాయ ముదిరేదాకా ఆగడం. పసరు కాయలు తెంపితే పండూ ఉండదు, వానాకాలానికి టెంకా ఉండదు. రెండోది, అందరికీ ఒకేసారి దక్కడం. చేను ముందు పండినవాడు ముందు తినడు. భర్త పోయిన ఆడమనిషి ఇల్లయినా, నాయుడి ఇల్లయినా ఆ రోజు ఒకే రకం కూడు, అదే అడ్డాకు విస్తరి. అడవిని ఎలా వాడుకోవాలో చెప్పే చట్టం అసెంబ్లీలో పుట్టకముందే మన ఊళ్లలో పండుగ రూపంలో ఉంది.

ఆ కొత్త రోజు వంటలు కూడా ఆడంబరంగా ఉండవు. కొత్త సామల అన్నం, చిక్కుడు గింజల కూర, గుమ్మడికాయ, వీలైతే కోడి. మసాలా దినుసులు లేవు. అల్లం, పసుపు, ఉప్పు, మిరప, వలిసె నూనె. కొత్త గింజకు ఉండే తీపి నోటికి తెలియాలంటే మసాలా తక్కువే ఉండాలి.

కల్లు మీద పన్ను, కొండ మీద చట్టం

ఇప్పుడు మన పాఠ్యపుస్తకంలోకి వద్దాం. రంప పితూరీ 1879లో జరిగిందని చదువుకున్నారు. దానికి ముఖ్యమైన కారణాల్లో ఒకటి మన వంటింటికి సంబంధించినదే. జీలుగు, తాటి చెట్ల కల్లు అప్పట్లో కొండవాళ్లకు వేసవి నెలల ఆహారం. గింజ అయిపోయిన రోజుల్లో కడుపు నింపేది అదే. ఆ చెట్లు గీసుకున్నందుకు మున్సబుదారు చిగురు పన్ను వసూలు చేసేవాడు. ఆ తర్వాత ఆంగ్ల ప్రభుత్వం అబ్కారీ నిబంధనలు తెచ్చి, ఇంటి అవసరానికి కల్లు తీసుకోవడం కూడా కుదరదని, హక్కు కాంట్రాక్టరుదని చెప్పింది. పోడు, అప్పులు, పోలీసుల వేధింపు అప్పటికే ఉన్నాయి. 1879 మార్చిలో రంపలో మొదలైన తిరుగుబాటు గూడెం కొండలకు పాకింది. కారం తమ్మన్నదొర లాంటి నాయకులు దాన్ని నడిపారు.

మేము హాస్టల్ వార్డెన్లం. మద్యాన్ని పొగడటం మా ఉద్దేశం కాదు. తాగుడు వల్ల చెడిన ఇళ్ల పిల్లలు మా దగ్గరే ఉన్నారు. చెబుతున్నది ఏమిటంటే, ఒక జాతి తిండి మీద బయటివాడు పన్ను వేసినప్పుడు అది కడుపు మీద కొట్టిన దెబ్బ అని మన పెద్దలు గుర్తుపట్టారు.

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు అడవుల్లో పోడు కొట్టడం నేరమైంది. దుంప తవ్వినా, పశువు మేపినా, కట్టె తెచ్చినా గార్డుకు జవాబు చెప్పాల్సి వచ్చింది. వదిలేసిన వాలు మళ్లీ అడవి అయ్యేదాకా ఆగే వెసులుబాటు పోయింది. ఉన్న కొంచెం నేలనే మళ్లీ మళ్లీ సాగు చేయాల్సి రావడంతో గింజ తగ్గింది, గడ్డు నెలలు పెరిగాయి. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో చింతపల్లి పోలీసు స్టేషను మీద జరిగిన దాడిని మనం తుపాకుల కథగా చెప్పుకుంటాం. ఆ పోరాటంలో నడిచిన గాము గంటందొర, మల్లుదొర సోదరుల వెనక రోడ్డు పనికి వెట్టిగా వెళ్లి అర్ధాకలితో తిరిగివచ్చిన ఊళ్లు ఉన్నాయి. పోడు పోయిన ఇళ్లు ఉన్నాయి. 2006 అటవీ హక్కుల చట్టం కింద ఇవాళ మన ఇళ్లలో ఉన్న పట్టా కాగితం ఆ కథకు కొనసాగింపే.

రెండు రూపాయల బియ్యం

స్వాతంత్ర్యం వచ్చాక 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. చింతపండు, తేనె, అడ్డాకులు లాంటివి కొనడం, డి.ఆర్. డిపోల్లో ఉప్పు, పప్పు, బియ్యం అమ్మడం మొదలైంది. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం వచ్చింది. మా తరం పిల్లలుగా ఉన్నప్పుడే తెల్లన్నం పండుగ తిండి నుంచి రోజూ తిండి అయింది.

దీన్ని తిట్టడం సులువు. మేము తిట్టం. సామ బియ్యం కావాలంటే కోడికూతకు లేచి రోట్లో దంచాలి, చేటతో చెరగాలి, మళ్లీ దంచాలి, మళ్లీ చెరగాలి. సామ గింజ ఎంత చిన్నదో మీకు తెలుసు, పొట్టు ఒక్క దంపుడుకు వదలదు. చోళ్లు తిరగలిలో విసరాలి. ఈ పని అంతా ఆడవాళ్లదే. నిండు చూలాలు కూడా రోకలి పట్టింది. డిపో బియ్యం వచ్చాక ఆ రెక్కలకు విశ్రాంతి దొరికింది. శ్రావణ మాసంలో ఆకలి తగ్గింది. ఆడపిల్లను బడికి పంపే తీరిక తల్లికి వచ్చింది. అలా బడికి వచ్చినవాళ్లలో మేమూ ఉన్నాం.

పోయింది కూడా ఉంది. బియ్యం కొనుక్కోగలిగాక సామ వేయడం తగ్గింది. వాలు మీద కాఫీ, మిరియాలు వచ్చాయి. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది, చేతికి డబ్బు వచ్చింది. మంచిదే. అయితే పది గింజలు పండిన వాలు మీద పది వంటలు తెలిసేవి. గింజ పోయిన ఇంట్లో ఒక తరంలో వంట పోతుంది, రెండో తరంలో పేరు కూడా పోతుంది. మరపట్టే మిల్లు ముందే వచ్చి ఉంటే ఎంత సామ నిలిచేదో! దంపుడు కష్టం వల్ల వదిలేసిన గింజను దంపుడు అవసరం లేని ఈ రోజుల్లో మళ్లీ వేసుకోవడానికి అడ్డేమీ లేదు.

అమ్ముడుపోయే వంట, అమ్ముడుపోని వంట

బొంగులో కోడి ఇప్పుడు అందరికీ తెలుసు. అరకు, మారేడుమిల్లి రోడ్ల మీద బొంగు చికెన్ బోర్డులు ఎన్ని ఉన్నాయో లెక్కలేదు. అడవికి వెళ్లినవాళ్లు కుండ మోసుకుని వెళ్లలేరు కాబట్టి పచ్చి వెదురునే కుండగా చేసుకున్నారు. పచ్చి బొంగును ఒకవైపు కణుపు ఉండేలా కోసి, ఉప్పు, కారం, పసుపు, అల్లం పట్టించిన మాంసం కూరి, మూతికి ఆకు గట్టిగా దోపి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. నూనె చుక్క అక్కర్లేదు. వెదురులోని తడికే మాంసం ఉడుకుతుంది. ఎండిన బొంగు పనికిరాదు, మంట అంటుకుంటుంది. ఈ వంట మన కుర్రవాళ్లకు కూలి తెచ్చిపెడుతోంది. సంతోషమే. నూనె, మసాలాలు దట్టించి టూరిస్టుకు పెట్టేది వేరు, ఇంట్లోది వేరు అన్న తేడా మాత్రం మనకు తెలిసి ఉండాలి.

ఫొటోకు అందంగా ఉండే వంట నిలబడుతుంది. టెంకల అంబలి, చేదుదుంప, ఇప్పపూలతో చింతపిక్కలు వేయించి పొట్టు తీసి ఉడకబెట్టిన కూడు ఇవి ఏ బోర్డు మీదా ఉండవు. మన జాతులను బతికించినవి ఇవే. బొంగు చికెన్‌ను సంత కాపాడుతుంది. వీటిని మనం కాపాడకపోతే కాపాడేవాళ్లు లేరు.

హాస్టల్ పళ్లెం

2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. అదే ఏడాది మార్చిలో మన రాష్ట్రంలో ప్రభుత్వ బడుల పిల్లలకు బెల్లం వేసిన రాగి జావ ఇవ్వడం మొదలైంది. మా పిల్లలు గ్లాసు ఖాళీ చేశారు. ఇది చోడి అంబలికి అక్కే కదా అంటే కొందరు నవ్వారు, కొందరు తల దించుకున్నారు. ఆదివారం చూడటానికి వచ్చిన తల్లి సీసాలో అంబలి తెస్తే, మైదానం నుంచి వచ్చిన స్నేహితురాలి ముందు దాన్ని సంచిలోంచి తీయనివ్వని పిల్లలను మేము చూస్తుంటాం. తల్లి ఏమీ అనదు. సీసా అలాగే వెనక్కు తీసుకెళ్తుంది. 

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మాకు దిగులు కలిగించేది ఆ సీసానే. జావకు గౌరవం, అంబలికి నామోషీ ఎందుకు? గింజ ఒకటే. వంద గ్రాముల చోళ్లలో కాల్షియం సుమారు 340 నుంచి 360 మిల్లీగ్రాములు ఉంటుంది. పాలిష్ పట్టిన బియ్యంలో పది మిల్లీగ్రాముల చుట్టూ ఉంటుంది. సూపర్ మార్కెట్లో అందమైన ప్యాకెట్‌లో పెట్టి మిల్లెట్ అని రాస్తే ధర పెరుగుతుంది. అదే గింజ మన అమ్మ చేతిలో ఉంటే పేదవాళ్ల కూడు అవుతుంది. తేడా గింజలో లేదు, ఎవరి చేతిలో ఉందన్న దానిలో ఉంది. తిండిని చూసి సిగ్గుపడటం నేర్చుకున్న పిల్ల ఆ తర్వాత భాషను చూసి, ఊరి పేరు చూసి, తల్లి చీరకట్టు చూసి కూడా సిగ్గుపడుతుంది. సిగ్గు ఒక్క చోట ఆగదు.

మా హాస్టల్లో కుక్, కమాటీలు కూడా మన ఊళ్లవాళ్లే. మెనూ ప్రభుత్వానిది, దాన్ని మార్చే అధికారం మాకు లేదు. అయినా సెలవు రోజు సాయంత్రాలు పిల్లలను కూర్చోబెట్టి, మీ ఊళ్లో దీన్ని ఏమంటారు, ఎలా చేస్తారు అని అడిగే అధికారం ఎవరూ ఇవ్వక్కర్లేదు. ఒకే కూరకు కువిలో ఒక పేరు, ఆదివాసీ ఒరియాలో ఒక పేరు, తెలుగులో ఒక పేరు బయటికి వస్తాయి. మూడు పేర్లూ బోర్డు మీద రాసిన రోజు తల దించుకునే పిల్లలు కూడా చెయ్యి ఎత్తుతారు.

మీరు చేయగల పని

సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఒక్క వంటను ఎంచుకోండి, ఒక్కటి చాలు. అమ్మమ్మ గానీ నాయనమ్మ గానీ వండుతుండగా పక్కన కూర్చోండి. ఫోన్‌లో ఆమె మాట రికార్డు చేయండి, ఆమెను అడిగాకే. తర్వాత నోట్‌బుక్‌లో ఈ సంగతులు రాయండి.

మన భాషలో దాని పేరు ఏమిటి?
ఏ నెలలో, ఎక్కడి నుంచి తెస్తారు? ఎంత తెచ్చి ఎంత వదిలేస్తారు?
తినకూడనిదాన్ని ఎలా గుర్తుపడతారు?
ఎన్నిసార్లు కడగాలి, ఎంతసేపు నానబెట్టాలి, ఏ నీళ్లు పారబోయాలి?
ఏ పండుగకు ముందు ముట్టకూడదు?
ఆమెకు ఎవరు నేర్పారు? వాళ్లది ఏ ఊరు?

చివరి ప్రశ్న వదిలేయకండి. ఆమె తల్లి పేరు, తల్లి తల్లి పేరు, వాళ్లు ఏ కొండ దాటి కోడలిగా వచ్చారో చెబుతుంది. ఏ పుస్తకంలోనూ లేని మీ వంశ చరిత్ర మీ నోట్‌బుక్‌లోకి వస్తుంది. 

అబ్బాయిలకు ఒక మాట. వంట నేర్చుకోవడం ఆడపిల్లల పని అని పక్కకు తప్పుకోకండి. బొంగులో కోడి కాల్చేది మగవాళ్లే కదా, తెడ్డు తిప్పడానికి అభ్యంతరం ఏమిటి? ఇంట్లో కొంచెం నేల ఉన్నవాళ్లు ఒక మూల సామ గానీ కొర్ర గానీ వేయమని నాన్నను అడగండి. గుప్పెడు విత్తనం ఏటా మారుస్తూ ఉంటేనే బతుకుతుంది, సీసాలో దాచితే చచ్చిపోతుంది. వంట కూడా విత్తనం లాంటిదే. రాసి దాచితే చాలదు, ఏడాదికి ఒక్కసారైనా వండాలి.

రాసుకున్నవాటిని సంఘానికి పంపండి. మీ ఊరి పేరు, నేర్పిన పెద్దావిడ ఒప్పుకుంటే ఆమె పేరు తప్పకుండా రాయండి.